నాలుగో ట్రేకి తోడు

ఆ ఏడాది విశాఖపట్నంలో ఒకరినొకరు దొంగా అని పిలుచుకోకుండా ఒక్క పూట గడవలేదు. సిటీ బస్సులో కండక్టరు ముందు సీటు పెద్దమనిషి మీదికి వంగి, "సింహాచలం మెట్ల దగ్గర చెప్పులెత్తుకుపోయింది తమరే కదండీ" అనేవాడు. ఆయన కోప్పడేవాడు కాదు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆగిందో లేదో చూసుకుని, "హెక్" అని, "లాభం లేదండీ, ఇంకొంచెం పెద్ద దొంగతనం ఏదైనా అంటగట్టండి" అని బతిమాలుకునేవాడు.

అది ఎక్కిళ్ళ వైరస్ వచ్చిన ఏడాది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు గానీ, రొమ్ముకూ పొట్టకూ నడుమ ఉండే పొరకు కబుర్లు మోసే నరం మీద ఎక్కి కూర్చునేది. నూటికి తొంభైతొమ్మిది మందికి నాలుగు రోజుల్లో దానంతటదే దిగిపోయేది. మందు లేదు. ఎక్కిళ్ళు పట్టిన పిల్లల్ని "ఏం దొంగిలించి తిన్నావు" అని ఉలిక్కిపడేట్టు చేయడం మన ఇళ్ళల్లో ముత్తవ్వల నాటి వైద్యం కాబట్టి ఊరు ఊరంతా దాన్నే పట్టుకుంది. పదిమందిలో ముగ్గురికి ఓ గంటసేపు నిజంగానే ఆగేది కూడా. కూడళ్ళలో బోర్డులు వెలిశాయి: ఎక్కిళ్ళవారిని గౌరవంగా అనుమానించండి.

నూటికి తొంభైతొమ్మిది మందికి తగ్గిందన్నాం కదా, తగ్గని ఆ నూరో మనిషి పైడిరాజు. సన్నాయి పైడిరాజు అంటే ఊళ్ళో తెలియని పెళ్ళివారుండరు. ఊపిరి తియ్యకుండా అరనిమిషం స్వరం నిలబెట్టగల మనిషికి ఆరు సెకన్లకొక ఎక్కిలి పట్టుకుంది. మొదటి వారం అందరూ నవ్వుకున్నారు. తాళి కట్టే వేళ ఆయన సన్నాయి మధ్యలో తెగితే, డోలు కొట్టే ఆయన అదేదో కొత్త నడక అనుకుని అందిపుచ్చుకున్నాడు, పెళ్ళివారు బాగుందన్నారు. పక్కింటి రిటైర్డ్ తాసీల్దారు రోజూ పొద్దున్నే ప్రహరీ మీంచి తల పెట్టి ఒక కొత్త దొంగతనం మోపి వెళ్ళేవాడు. మూడో వారానికి ఆయన దగ్గర నేరాలు అయిపోయి, పైడిరాజే ఒకటీ అరా అందించవలసి వచ్చింది.

మూడో వారానికి నవ్వు కూడా అయిపోయింది. ముద్ద లోపలికి వెళ్ళడం, ఎక్కిలి దాన్ని పైకి తోసేయడం. నిద్ర లేదు. అరవై ఎనిమిది కిలోల మనిషి యాభై ఆరుకు దిగాడు. డాక్టరు పైడిరాజును బయట కూర్చోబెట్టి, ఆయన భార్యతో మాత్రం చెప్పాడు: ఇలాగే ఇంకో నెల గడిస్తే గుండె తట్టుకోదు.

ఆ భార్య పేరు నూకరత్నం. డాక్టర్ నూకరత్నం. ఎండాడ కొండ మీద ఉన్న పరిశోధనాలయంలో, సరిగ్గా ఈ వైరస్‌కు మందు కనిపెట్టవలసిన విభాగానికి పెద్ద. కాబట్టి డాక్టరు గారు ఆమెకు ధైర్యం చెప్పకుండా, "మీ దగ్గర ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగాడు.

ఎంతవరకూ రాలేదు. అదీ సంగతి.

పరిశోధనాలయంలో జాతకరాయుడు అనే యంత్రం ఒకటుంది. దాని అసలు పేరు పొడుగు, ఎవరూ వాడరు. వైరస్ ప్రోటీన్ అక్షరాలు వరసగా చదివి వినిపిస్తే, ఆ ప్రోటీన్ ఎలా ముడుచుకుని ఏ రూపంలో ఉంటుందో గంటలో బొమ్మ గీసి ఇస్తుంది. ఆ రూపంలో ఎక్కడ గుంట ఉందో చూసి, ఆ గుంటలో ఇరుక్కునే మందు ఎలా ఉండాలో కూడా అదే చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా లోకమంతా జాతకం మీదే కాపురం చేస్తోంది. ఈ ఎక్కిళ్ళ ప్రోటీన్‌కూ చక్కని బొమ్మ గీసి ఇచ్చింది. దాని ప్రకారం మూడు మందులు చేశారు. మూడూ వైరస్ పక్కనుంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాయి.

"జాతకం కలిసిందండీ, పిల్లే వేరు. ఒకసారి కళ్ళతో చూడాలి" అంది నూకరత్నం.

"చూడడమంటే? మళ్ళీ స్ఫటికాలు పేరబెడతారా?" అన్నారు డైరెక్టరు కోదండపాణి గారు. జాతకరాయుణ్ణి పుట్టినప్పటి నుంచి సాకినవాళ్ళలో ఆయనొకరు. స్ఫటికాల కాలం చెల్లిపోయిందని టీవీలో ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేతికి తడి తగిలింది చేతులు కడుక్కున్నప్పుడే.

వెనకటివాళ్ళు వైరస్ రూపం చూడడానికి పడిన పాట్లు నూకరత్నానికి తన గురువు ద్వారా తెలుసు. పొగాకు మొక్కకు పట్టే వైరస్‌ను మొదటిసారి స్ఫటికంగా పేరబెట్టినప్పుడు ఇది జీవమా, ఉప్పుగల్లా అని లోకం నోరెళ్ళబెట్టిందట. ఎయిడ్స్ వైరస్ దగ్గరున్న, ప్రోటీన్లను ముక్కలు చేసే కత్తెర రూపం తెలిశాకే దాని అలుగుల మధ్య ఇరుక్కునే మందు చేయగలిగారు. ప్రతిదానికీ ముందు స్ఫటికం కావాలి, దాని మీద ఎక్స్‌రేలు కొట్టాలి, చెదిరిన చుక్కల్ని లెక్కగట్టి రూపం తేల్చాలి. ఆ స్ఫటికం ఒక పట్టాన రాదు. ఏళ్ళ తరబడి రాదు. ఒకసారి వచ్చాక మాత్రం ఆ చోటికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొండికేసిన ప్రోటీన్‌కు పాత స్ఫటికం పొడిని గుర్రపు వెంట్రుకతోనో, పిల్లి మీసంతోనో అంటించి, కొత్త చుక్కలోకి గీసేవారు. ఆ నలుసును పట్టుకుని మిగతాది పేరుకునేది.

ఇరవై ఏళ్ళ కిందట నూకరత్నం గురువు దగ్గర ఆ పాత పని నేర్చుకుంటుంటే, గాజు సామాను కడిగే సింహాద్రమ్మ పక్కన నిలబడి చూసి, "ఓస్, ఇంతేనేటి? తోడేస్తన్నావన్నమాట" అంది. అప్పటినుంచి ఆ గదిలో దాని పేరు తోడు. పుస్తకాల్లో ఏముంటే ఏం, ఇక్కడ మాత్రం తోడు వెయ్యడమే.

నూకరత్నం పాత పద్ధతి బయటకు తీసింది. దగ్గరి చుట్టం వైరస్ ఒకటుంటే దాని స్ఫటికాల పొడిని తోడుగా పెట్టుకుంది. మూడు ట్రేలు వేసింది. ఏమీ రాలేదు. శనివారం సాయంత్రం నాలుగో ట్రేలో ప్రోటీన్ చుక్కలు పెడుతుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది, పైడిరాజు కళ్ళు తిరిగి పడిపోయాడని. ట్రేని పెట్టెలో పెట్టి, మరిచిపోకుండా బోర్డు మీద "నాలుగో ట్రేకి తోడు వెయ్యాలి" అని రాసి, పరిగెత్తింది.

సోమవారం వచ్చి చూసేసరికి నాలుగో ట్రేలో, ఒక మూల చుక్కలో, స్ఫటికం ఉంది. పంచదార పలుకులో పదో వంతు ఉంటుందేమో. అంచులు తీరి, మెరుస్తూ, నిండుగా ఉంది.

"సింహాద్రమ్మా, దీనికి తోడు నువ్వేశావా?"

"నానెందుకేత్తానమ్మా? నువ్వెయ్యలేదేటి?"

ఎవరూ వెయ్యలేదు. సంతోషపడాలో భయపడాలో తెలియని స్థితిలో నూకరత్నం దాన్ని ఎక్స్‌రే గదికి మోసుకుపోయింది. సగం బొమ్మ వచ్చేసరికి స్ఫటికం కాస్తా కాలిపోయింది. జాతకరాయుడి రూపం తప్పని తేలడానికి ఆ సగం చాలు, మందు చేయడానికి చాలదు. ప్రోటీన్‌కు పొడుగాటి తోక ఒకటుండాలి, దాని జాడ ఆ బొమ్మలో లేదు. మిగతా సగంలో ఉంటుందిలే అనుకుంది. సరే, ఆ చుక్కలో అసలు ఏం పడిందో పరీక్ష చేద్దామని వెనక్కి వచ్చేసరికి ట్రే కడిగి బోర్లించి ఉంది.

"బాబు కడిగీమన్నారమ్మా. పరిశుభ్రత వారమట" అంది సింహాద్రమ్మ.

నూకరత్నం వెళ్ళి అడిగితే కోదండపాణి గారు కాగితాల్లోంచి తలెత్తకుండా, "ఆర్డరు అందరికీ ఒకటే కదండీ" అన్నారు. ఆమె ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టిన తిట్లు ఆమెకే కొత్త.

అక్కణ్ణుంచి పదిహేడు రోజులు. ట్రే మీద ట్రే. ఉప్పు మార్చింది, పులుపు మార్చింది, చలువ మార్చింది. ఆ శనివారం కట్టుకున్న చీరే మళ్ళీ కట్టుకుని వచ్చింది ఒకరోజు, సైన్సు చదివిన మనిషి. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. ఇంట్లో పైడిరాజు యాభై ఆరు నుంచి నలభై తొమ్మిదికి వచ్చాడు. సన్నాయిని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టించాడు. ఆయన పోతాడేమోనన్న భయం ఆమెకు పొద్దున లేవగానే మొదలయ్యేది, ట్రే ముందు కూర్చున్నా వదిలేది కాదు.

ఈ పదిహేడు రోజుల్లో సింహాద్రమ్మకు వేరే బాధ ఉంది. ఆమెది పెందుర్తి దగ్గర ఇల్లు, ఇంట్లో గేదె, కుండలో పేరబెట్టిన పెరుగు. శనివారం టీ గది ఫ్రిజ్‌లో మరిచిపోయిన గిన్నెలో సోమవారానికి చెంచా పట్టేంత గుంట కనబడింది. ఎవరో అడగకుండా తీసుకున్నారు. గిన్నెడు అడిగితే ఇస్తుంది, చెంచాడు అడక్కపోతే ఊరుకోదు. అందుకని ఎవరికి ఎక్కిళ్ళు వచ్చినా ఆమె మోపే నేరం ఒక్కటే: "నా పెరుగు తీసింది నువ్వే." వాచ్‌మన్‌ను అంది, లైబ్రరీ ఆవిణ్ణి అంది, కరెంటు పనికి వచ్చిన కొత్త మనిషిని అంది. అందరూ నవ్వేవారు, ఎక్కిళ్ళు ఆగేవి కావు.

పద్దెనిమిదో రోజు మీటింగులో కోదండపాణి గారు లేచి నిలబడి, "మన సంస్థ ప్రతిష్ఠ" అని, "హెక్" అన్నారు.

గదిలో ఒక్కసారిగా అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. ఎక్కిళ్ళు వచ్చిన ఉద్యోగిని హోదాతో నిమిత్తం లేకుండా తోటివారు దొంగతనం అంటగట్టి ఉలిక్కిపడేట్టు చేయవలెనని సర్క్యులర్ ఇచ్చింది ఆయనే. అవకాశం కోసం ఎదురుచూసినవాళ్ళు తక్కువమంది కాదు. తీరా వచ్చేసరికి ఎవరికీ నోరు పెగల్లేదు. పరిపాలనాధికారి గొంతు సవరించుకుని, "తమరు... ఒకవేళ... నా పెన్ను గానీ..." అన్నాడు.

"హెక్" అన్నారు డైరెక్టరు గారు.

అప్పుడే టీలు పట్టుకొచ్చింది సింహాద్రమ్మ. సంగతి చూసింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"బాబూ, పోయిన నెల ఆదివారం నాడు నా పెరుగు గిన్నెలో సెంచా పెట్టింది నువ్వే."

కోదండపాణి గారి ఎక్కిలి సగంలో ఆగిపోయింది. ముఖంలో రంగు దిగిపోయింది. గది అంతా ఆయన గొంతు వైపే చూస్తోంది.

"చెంచాడే కదా తీసుకున్నాను" అన్నారాయన.

కొంతసేపు ఎవరికీ అర్థం కాలేదు. సింహాద్రమ్మకు మాత్రం అయింది. "సెప్పీనానా? ఎవుడో తీసీనాడని సెప్పీనానా లేదా?" అని గదంతా కలయజూసింది. నూకరత్నం నవ్వబోయింది. ఆదివారం అన్న మాట అప్పుడు తగిలింది ఆమెకు.

"ఆదివారం మీరు ఇక్కడికెందుకు వచ్చారండీ?"

ఆయన కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా అమ్మాయి పెళ్ళిలో వాయించింది మీ ఆయనేనండీ. ఆయన పడిపోయారని విన్నాను. మీరు కంగారుగా వెళ్ళారు, పని సగంలో ఉండిపోయి ఉంటుంది, నాకు చేతనైంది చేద్దామని వచ్చాను. బోర్డు మీద రాసుంది. నాలుగో ట్రేకి తోడు వెయ్యాలని."

"రాశాను."

"వేశాను."

"ఏం వేశారు?"

"తోడే. ఫ్రిజ్‌లో పెరుగు కనబడింది. సూది మొనతో, చాలా కొంచెం. ఒక్క మూల చుక్కకే వేశాను, తర్వాత చెయ్యి వణికి ఆపేశాను."

పరిపాలనాధికారి బల్ల కిందికి ఏదో వెతుక్కోవడానికన్నట్టు వంగాడు. లైబ్రరీ ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నూకరత్నానికి నవ్వు నిజంగానే వచ్చింది, పొట్ట పట్టుకునేంతగా వచ్చింది, వచ్చినంత వేగంగా పోయింది.

"మర్నాడు స్ఫటికం వచ్చిందని మీకు తెలుసు. మీరు వేసిన చుక్కలోనే వచ్చిందని తెలుసు. తెలిసే ట్రే కడిగించారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"పదిహేడు రోజులండీ. మా ఇంట్లో ఏడు కిలోలు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

"నలభై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను" అన్నారాయన మెల్లిగా. "తోడంటే పెరుగనుకున్నానని ఎవరికి చెప్పుకోమంటారు?"

ఆమె చెయ్యి లేచేదే. సింహాద్రమ్మ టీ కప్పు ఆ చేతిలో పెట్టేసింది. ఆ కప్పు చూస్తూ నిలబడినప్పుడు నూకరత్నానికి బొమ్మలో లేని తోక గుర్తొచ్చింది. తోక మిగతా సగంలో లేదు. అసలు లేనే లేదు. కుదురు లేకుండా ఆడే ఆ తోకే ప్రోటీన్లను ఒకదాని పక్కన ఒకటి సర్దుకోనివ్వడం లేదు, జాతకరాయుడి లెక్కనూ అదే తప్పించింది. పాలను పేరబెట్టే పెరుగు సూక్ష్మజీవుల దగ్గర ప్రోటీన్‌ను కోసే కత్తెర ఉంటుంది. అది తోకను కత్తిరించి పారేసింది. చుక్కలో మిగిలింది తోక లేని, బుద్ధిగా కూర్చునే ముక్క.

"పెరుగు" అంది. "పెరుగు కావాలి. ఇప్పుడే."

క్యాంటీన్ నుంచి ప్యాకెట్ పెరుగు తెచ్చి వేశారు. మధ్యాహ్నానికి పరీక్ష చేస్తే తోక తోకలాగే ఉంది. ఇంకో కంపెనీది తెచ్చారు. అదీ అంతే. ఏ పెరుగు పడితే ఆ పెరుగులో ఆ కత్తెర లేదు. సింహాద్రమ్మ ఆ రోజు తెచ్చుకున్న పెరుగు అప్పటికే తినేసి, గిన్నె కూడా కడిగేసింది. శుద్ధి చేసిన ప్రోటీన్ మంచు మీద ఆ రాత్రి వరకే నిలుస్తుంది, మళ్ళీ తయారవ్వాలంటే వారం. వారం అనే మాట నూకరత్నం వినే స్థితిలో లేదు. ముగ్గురూ డైరెక్టరు గారి కారులో పెందుర్తి బయల్దేరారు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇల్లు చేరేసరికి సింహాద్రమ్మ కోడలు దేవుడి దగ్గర దీపం పెట్టేసింది.

ఆ దీపం చూసి సింహాద్రమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకేటి లేదమ్మా. రేపు పొద్దున్న రండి."

"ఏం, పెరుగు లేదా?" అన్నారు కోదండపాణి గారు.

"లేకేం, నిండా ఉంది. దీపాలెట్టాక పెరుగు సేత్తో ఎత్తి పైవోళ్ళకిత్తే ఇంట్లో లచ్చిమి ఎల్లిపోద్ది. మా అత్త ఏనాడూ ఇవ్వలేదు, నానివ్వలేదు."

"సింహాద్రమ్మా, ఆయన ప్రాణం" అంది నూకరత్నం.

సింహాద్రమ్మ కాసేపు ఆమె ముఖం చూసింది, దీపం వైపు చూసింది. పైడిరాజు బాగుండాలని ఆమెకు లేక కాదు, తన ఇంటి లక్ష్మి కూడా పోకూడదు. ఆలోచించి, ఆలోచించి, కోదండపాణి గారి వైపు తిరిగింది.

"నానివ్వను. ఇస్తే తప్పు. ఎవుడైనా తీసుకుపోతే నా తప్పు కాదు గదా? వొంటింటి తలుపు గెడెయ్యలేదు. నాను గేదెకి కుడితెట్టి వొస్తాను. నీకు అలవాటే గదా బాబూ."

అంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. కోదండపాణి గారు నూకరత్నం వైపు చూశారు. ఆమె వీధి వైపు చూసింది. జాతీయ పురస్కారాలు రెండు అందుకున్న పెద్దమనిషి చెప్పులు విప్పి, పంట్లాం పైకి లాక్కుని, పిల్లి అడుగులతో వంటింట్లోకి నడిచారు. గరిటె ఒకటి కిందపడి ఖంగున మోగింది.

"పిల్లేమో" అంది పెరట్లోంచి సింహాద్రమ్మ, బిగ్గరగా, గేదెతో. ఒక్క క్షణం ఆగి మళ్ళీ అంది: "ఎడం పక్క గిన్నె కాదు పిల్లీ. అది గంజి. కుడి పక్కది."

మర్నాడు మధ్యాహ్నానికి పన్నెండు చుక్కల్లో తొమ్మిదింట స్ఫటికాలు ఉన్నాయి. ఒకటి కాలితే ఒకటి పెట్టి, పూర్తి బొమ్మ తీశారు. ఆ బొమ్మను జాతకరాయుడికి చూపిస్తే, అది తన తప్పు ఒప్పుకోకుండానే, కొత్త గుంటకు సరిపోయే మందు రాత్రికల్లా గీసి ఇచ్చింది. ఎవరి శిష్యుడు మరి, అంది నూకరత్నం. పదకొండో రోజుకు మందు మాత్రలుగా చేతికి వచ్చింది. పైడిరాజు అప్పటికి నలభై ఏడు కిలోలు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మొదటి పన్నెండు మంది రోగుల్లో పేరు రాయించుకుని, ఏమైనా నాదే బాధ్యత అని సంతకం పెట్టాడు. ఎక్కిళ్ళ వల్ల ఆ సంతకం మూడు ముక్కలుగా వచ్చింది.

వ్యాసం రాసేటప్పుడు మరో గొడవ. చేసిన పద్ధతి ఉన్నదున్నట్టు రాయాలి కదా. కోదండపాణి గారు "పులియబెట్టిన పాల ఉత్పత్తి" అని రాసిచ్చారు. నూకరత్నం కొట్టేసి పెరుగు అని రాసింది. పత్రికవాళ్ళు ఏ కంపెనీది, కేటలాగ్ నెంబరు ఎంత అని అడిగారు. జవాబు రాసి చదివి వినిపిస్తే సింహాద్రమ్మకు తన పేరు ఊరితో సహా పడినందుకు సంతోషమే గానీ, ఒక్క మాట తగ్గిందంది. ఆ మాట పడే దాకా అనుమతి కాగితం మీద వేలిముద్ర వెయ్యనంది, ఆమెకు సంతకం నిక్షేపంగా వచ్చి ఉండి కూడా. చివరకు ఆ వాక్యం ఇలా అచ్చయింది: "వాడిన పెరుగు పెందుర్తి వాస్తవ్యురాలు సింహాద్రమ్మ గారి ఇంటిది, రెండు సార్లూ డైరెక్టరు అడగకుండా తీసుకున్నది." ఆ వాక్యాన్ని కోదండపాణి గారే తన చేత్తో టైపు చేశారు. చేశాక నూకరత్నం గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పదిహేడు రోజులు నేను తిరిగి ఇవ్వలేనండీ" అన్నారు. ఆమె క్షమించానని అనలేదు. కూర్చోండి అంది.

మాత్రలు మొదలుపెట్టి రెండు రోజులైనా ఏ మార్పూ లేదు. మూడో రోజు నూకరత్నం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం రెండైంది. పైడిరాజు ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. ఆమె వంటింట్లో గంజి కలుపుతోంది.

కలుపుతూ కలుపుతూ, ఏదో తక్కువైనట్టు అనిపించి చెయ్యి ఆపింది. కుళాయి చూసింది, కట్టేసే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు తెలిసింది. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఆరు సెకన్లకోసారి వినబడే చప్పుడు వినబడడం లేదు. ఆ చప్పుడు పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ ఏ గదిలో ఉన్నా మొగుడు బతికే ఉన్నాడని తెలుసుకుంటూ వచ్చింది.

ఆరు లెక్కపెట్టింది. మళ్ళీ ఆరు. ఇరవై దాకా లెక్కపెట్టింది. కంటికి ఆనని వాటి రూపాలు చూడడమే జీవితమంతా చేసిన పని. ఎనిమిది అడుగుల అవతల గదిలోకి వెళ్ళి చూడడానికి ఆమె కాళ్ళు కదలలేదు. గోడ పట్టుకుంది. గోడ పట్టుకునే వెళ్ళింది.

పైడిరాజు ఒక పక్కకు తిరిగి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది, ఆ చేతిని నమ్మలేక రొమ్ము మీద పెట్టింది. రొమ్ము లేస్తోంది, దిగుతోంది, ఎక్కడా కుదుపు లేదు. నిద్రపోతున్నాడు. అరవై మూడు రోజుల తర్వాత మొదటి నిద్ర. దాన్ని చెడగొట్టకూడదని ఆమెకు తెలుసు. తెలిసి కూడా మంచం అంచున కూలబడి, పైకే ఏడ్చేసింది.

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏటయింది రత్నం?"

"ఏం లేదు. పడుకోండి."

"మరేడుస్తన్నావేటి?"

"ఆగిపోయిందండీ."

పైడిరాజు కదలకుండా తన లోపలికి తానే చెవి పెట్టుకుని విన్నాడు. రాలేదు. ఇంకాసేపు విన్నాడు. అప్పటికీ రాలేదు. మాట్లాడితే మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో, గుసగుసగా అన్నాడు: "ఆకలేస్తంది."

గంజి అక్కడే వదిలేసి, అన్నంలో చారు కలిపి కంచం తెచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఆగారు. నిలిచింది. రెండోదీ నిలిచింది. అయిదో ముద్దకు ఆయన ఆగడం మానేశాడు, ఆమె మానలేదు. ప్రతి ముద్దా గొంతు దాటేదాకా చూస్తూనే ఉంది.

కంచంలో నాలుగు ముద్దలు మిగిలినప్పుడు పైడిరాజు తలెత్తాడు. "నువ్వెప్పుడు తిన్నావు?"

ఆలోచించింది. పొద్దున కాదు. నిన్న రాత్రి సంగతి గుర్తు లేదు. కంచం ముందు కూర్చుని తిన్నది ఏ నెలలోనో అసలు గుర్తు లేదు. ఆ మాట చెప్పబోతే మళ్ళీ ఏడుపు వచ్చింది.

ఎముకలు తేలిన చేత్తో ఆయన ఒక ముద్ద కలిపి ఆమె నోటికి అందించాడు. ఏడుస్తూ నోరు తెరిచింది. ముద్ద గొంతుకు అడ్డం పడింది, మింగుడు పడలేదు.

"మెల్లిగా తిను. తొందరేం లేదిప్పుడు" అన్నాడు పైడిరాజు.